నాయన గొంతుతో కొత్త మాటలు పుట్టించొచ్చా?

ప్రశ్న

"మాది ప్రొద్దుటూరు. మా నాయన పోయి ఏడాది దాటింది. అమ్మకు 74 ఏండ్లు, రెండేండ్లుగా మతిమరుపు. దినానికి నాలుగైదు సార్లు 'మీ నాయన యాడికి పోయినాడు, ఇంకా రాలేదే' అంటాది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు, నాయన పంపిన మూడు వందల దాకా వాట్సాప్ వాయిస్ మెసేజులు ఒక యాప్‌లోకి ఎక్కించి, ఆయన గొంతుతో మాట్లాడే ఏఐని తయారుచేసినాడు. పండక్కి వచ్చినప్పుడు అమ్మ చెవి కాడ ఫోను పెట్టినాడు. ఆ గొంతు మొదట 'మీరు భోజనం చేశారా?' అనింది. అమ్మ నా తట్టు తిరిగి 'మీ నాయన నన్ను మీరు అంటాడేందే?' అని నవ్వింది. తమ్ముడు ఏదో సరిచేసినాడు. తర్వాత పది నిమిషాలు మాట్లాడుకున్నారు. మధ్యలో ఆ గొంతు 'పిల్లల్ని తీసుకొని ఒంటిమిట్ట కల్యాణానికి పోయినాము గదా, మిట్టమధ్యాన్నం, ఎండ మండిపోతాండె' అనింది. మేము ఎన్నడూ ఆ కల్యాణానికి పోలేదు. ఇప్పుడు అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ కథ చెప్తాంది, 'పిల్లోళ్ళు కాళ్ళు కాలి ఏడ్చినారు' అని తనే కలిపి. మళ్ళీ ఫోను చేయించమని అడుగుతాంది. తమ్ముడు నెలనెలా డబ్బు కట్టి దీన్ని ఇట్లే ఉంచుదామంటాడు. మరదలు వద్దంటాది. అమ్మ అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో, అందుకే నేను ఎటూ తేల్చుకోలేకపోతాండా. ఇది తప్పా? ఆ మాట్లాడేది ఎంతోకొంత నాయనే అనుకోవచ్చా?"

సమాధానం

ముందు తీర్పు, తర్వాత కారణాలు. మీ నాయన నిజంగా అన్న మాటలు అమ్మకు ఎన్నిసార్లయినా వినిపించండి. ఆయన అనని మాటల్ని ఆయన గొంతుతో అమ్మ చెవిన వేయడం మాత్రం ఇక్కడితో ఆపండి. గొంతును దాచుకోవడం వేరు, ఆ గొంతుతో కొత్తగా మాట్లాడించడం వేరు. మీ తమ్ముడు ఈ రెండూ ఒకటే అనుకున్నాడు, అంతే. ఉద్దేశం చెడ్డది కాదు.

ఒంటిమిట్ట సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం, విషయమంతా అందులోనే ఉంది. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం జరిగేది రాత్రిపూట, పండు వెన్నెల్లో. కడప జిల్లా మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నవమి నాడు మిట్టమధ్యాహ్నం కల్యాణం జరిగేది భద్రాచలంలో, ఊరూరా రామాలయాల్లో. మరి మీ నాయన గొంతు మధ్యాహ్నం అని ఎందుకు అనింది? ఆ మాట మీ నాయన దగ్గర్నుంచి రాలేదు కాబట్టి.

ఆ యాప్‌లో పనిచేసేవి రెండు వేర్వేరు యంత్రాలు. ఒకటి గొంతును పట్టేది. దానికి కావలసింది చాలా తక్కువ. 2023లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనాతో ఒక మనిషి గొంతును అనుకరించి చూపించారు. మూడు వందల మెసేజులు దానికి పెద్ద విందు. రెండోది ఏం మాట్లాడాలో తేల్చేది. అది లక్షలాది మంది రాసిన రాతల్లో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకున్నది. మీ తమ్ముడు ఇచ్చిన మెసేజుల్లో ఉన్న సంగతి అయితే దాన్ని వాడుకుంటుంది. లేని సంగతి వస్తే 'నాకు గుర్తులేదు' అని ఆగడం దానికి సహజంగా రాదు. అలాంటి చోట ఎక్కువ మంది ఏమంటారో అది అనేస్తుంది. రాముడి కల్యాణం అనగానే ఎక్కువ రాతల్లో ఉన్నది మధ్యాహ్నం, ఎండ, పందిరి. అది అక్కడ దిగింది. 'మీరు భోజనం చేశారా' అన్నదీ ఇట్లాంటిదే. అది నేర్చుకున్న తెలుగులో పత్రికల భాష, వార్తల భాష ఎక్కువ. పెండ్లాన్ని నువ్వు అని పిలిచే ప్రొద్దుటూరు పెద్దాయన భాష తక్కువ. గొంతు మీ నాయనది, మాట ఊరందరిదీ. అమ్మ మొదటి నిమిషంలోనే దాన్ని పట్టేసింది. తమ్ముడు 'సరిచేసినాడు' అన్నారే, ఆ సరిచేయడంతో అమ్మకు ఉన్న ఆ ఒక్క ఆనవాలు కూడా పోయింది.

ఇక మీ రెండో ప్రశ్న: అది ఎంతోకొంత నాయనే అనుకోవచ్చా?

మనిషిని మనిషిగా నిలబెట్టేది జ్ఞాపకమేనని 17వ శతాబ్దం చివర ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ వాదించాడు. నిన్నటి పనిని ఈ రోజు నేను చేసినట్టుగా గుర్తుంచుకుంటే నిన్నటివాణ్ణీ ఈ రోజువాణ్ణీ నేనే. మీ తమ్ముడి ఆలోచన తెలియకుండానే ఇదే దారిలో నడిచింది: నాయన మాటలు, నాయన జ్ఞాపకాలు ఒకచోట పోగుచేస్తే కొంత నాయన మిగులుతాడని. కానీ జ్ఞాపకం అంటే ఏమిటో అదే శతాబ్దంలో మన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ఒక్క వాక్యంలో తేల్చాడు: సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః. అనుభవం మనసు మీద వేసిన ముద్ర నుంచి, కేవలం ఆ ముద్ర నుంచే పుట్టేదే స్మృతి. అనుభవం లేనిచోట ముద్ర లేదు, ముద్ర లేనిచోట స్మృతి లేదు. ఒంటిమిట్ట ఎండ ఆ యంత్రానికి అనుభవం కాదు, మీ నాయనకూ కాదు. కాబట్టి అది పలికింది తప్పు జ్ఞాపకం కూడా కాదు, అసలు జ్ఞాపకమే కాదు. మీ నాయన ఒక తేదీని పొరపాటుగా చెప్పి ఉంటే అది ఆయన పొరపాటు, అందులో ఆయన ఉంటాడు. దీంట్లో పొరపాటు పడడానికి కూడా మనిషి లేడు.

యంత్రానికి ఎప్పటికైనా అనుభవం ఉండగలదా అనేది పెద్ద చర్చ. 1980లో తత్వవేత్త జాన్ సెర్ల్ మొదలుపెట్టిన వాదం ఇంకా తెగలేదు. మీ ఇంటి నిర్ణయానికి అది తెగేదాకా ఆగనక్కర్లేదు. రేపు యంత్రానికి అనుభవం వచ్చినా అది యంత్రం అనుభవం అవుతుంది, మీ నాయనది కాదు.

అయినా, అది నాయన కాదు అన్నంత మాత్రాన తప్పు కాదు. గోడ మీది ఫోటో కూడా నాయన కాదు, దానికి దండ వేసి మాట్లాడుకుంటాం. తప్పు ఎక్కడుందంటే, ఆ గొంతు అమ్మ జ్ఞాపకంలోకి పోయి రాస్తోంది.

జ్ఞాపకం ఒకసారి దాచిపెడితే అట్లే పడి ఉండేది కాదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్ళీ కూర్చుకుంటుంది, అప్పుడు చేతికి అందిన ముక్కల్ని కూడా కలుపుకుంటుంది. ఇంగ్లండులో మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లోనే ఈ మాట చెప్పాడు. 2000లో కరీం నాదర్, మరో ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, స్థిరపడిన భయం కూడా గుర్తుకు తెచ్చినప్పుడు కొంతసేపు మెత్తబడి మారడానికి వీలిస్తుందని తేలింది. మీకు ఇంకా దగ్గరి ప్రయోగం 2002 నాటిది. కింబర్లీ వేడ్, ఆమె సహచరులు 20 మంది పెద్దవాళ్ళ చిన్ననాటి ఫోటోలు ఇంటివాళ్ళ దగ్గర తీసుకున్నారు. ఒక ఫోటోలో మాత్రం వాళ్ళు వేడిగాలి బెలూన్‌లో ఎగిరినట్టు అతికించారు. నిజానికి ఎవరూ ఎక్కలేదు. మూడుసార్లు కూర్చోబెట్టి అడిగేసరికి సగం మందికి ఆ ప్రయాణం కొంతో గొప్పో 'గుర్తొచ్చింది', ఫోటోలో లేని వివరాలతో సహా. వాళ్ళు మతిమరుపు లేని యువకులు, ముందున్నది ఒక కాగితం ముక్క. మీ అమ్మ ముందున్నదేమో కట్టుకున్నవాడి గొంతు. 'పిల్లోళ్ళకు కాళ్ళు కాలినాయి' అన్నది ఆమె కలుపుకున్న ముక్క. ఎండ మాట యంత్రానిది. కాలిన కాళ్ళు మరెప్పటివో, నిజంగా మీవే అయ్యుండొచ్చు, వేరే తిరుణాలలో. అక్కడి నుంచి పీకి ఇక్కడ నాటుకుంది. అంటే ఒక అబద్ధం చేరడమే కాదు, ఒక నిజం కూడా తన చోటు తప్పింది.

ఆ గొంతు ప్రతి వారం పది నిమిషాలు మాట్లాడితే ఏడాది తిరిగేసరికి మీ ఇంటి చరిత్రలో ఏది మీది, ఏది కాదో అమ్మ చెప్పలేకపోతుంది. ఆమె చెప్పిందే మీ పిల్లలు నమ్ముతారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి: మతిమరుపు ఉన్నవాళ్ళకు బయటి సాయం అసలు కూడదా? కూడదని కాదు. 1998లో ఆండీ క్లార్క్, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తలు ఒట్టో అనే ఊహా మనిషిని తెచ్చారు. అతనికి అల్జైమర్స్. తెలిసిన ప్రతి సంగతీ నోటుబుక్కులో రాసుకుంటాడు, ఎక్కడికి పోయినా వెంట ఉంచుకుంటాడు. న్యూయార్కులో మ్యూజియం ఏ వీధిలో ఉందో బుక్కు తీసి చూసుకుని పోతాడు. మనకు బుర్ర చేసే పనిని అతనికి ఆ బుక్కు చేస్తోంది కాబట్టి ఆ బుక్కు అతని మనసులో భాగమే అన్నారు. అయితే ఏ బుక్కు పడితే ఆ బుక్కు కాదు. ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, వెంటనే దొరకాలి, చూడగానే అనుమానం లేకుండా నమ్మేదై ఉండాలి. వీటితో పాటు, అందులో ఉన్న సంగతిని ఆ మనిషి ఒకప్పుడు తెలిసి ఒప్పుకుని ఉండాలి. మీ తమ్ముడి యాప్‌ను ఈ గీటురాయి మీద గీయండి. ఫోన్లో ఎప్పుడూ ఉంటుంది. వెంటనే పలుకుతుంది. అమ్మ మారుమాట లేకుండా నమ్ముతుంది. చివరిదే లేదు: ఒంటిమిట్ట ఎండను అమ్మ ఎన్నడూ తెలిసి ఒప్పుకున్నది కాదు. నమ్మకం నూటికి నూరు పాళ్ళు ఉండి, ఒప్పుకోలు సున్నా అయిన సాధనం మీ అమ్మ లాంటి మనిషికి అన్నిటికన్నా ప్రమాదం. అదే నాయన నిజంగా పంపిన మెసేజుల్లో అమ్మ కూడా విన్నవి ఈ నాలుగో పరీక్ష కూడా నెగ్గుతాయి. ఆయన అన్నాడు, ఆమె అప్పట్లో విన్నది.

నవ్వు సంగతి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2014లో అమెరికాలోని అయోవా పరిశోధకులు 17 మంది అల్జైమర్స్ రోగులకు ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు వేరువేరుగా చూపించారు. సినిమా చూశామన్న సంగతే మరిచిపోయాక కూడా ఆ దుఃఖం, ఆ సంతోషం అరగంట దాకా వాళ్ళలో ఉండిపోయాయి. సినిమాను ఎంత తక్కువ గుర్తుంచుకుంటే దుఃఖం అంత ఎక్కువసేపు పట్టుకుంది. కాబట్టి అమ్మ నవ్వు విలువైనదే, ఫోను మర్చిపోయినా ఆ తేలికదనం కాసేపు ఉంటుంది. కానీ ఫోను పెట్టేశాక 'మళ్ళీ చేయించు' అని అడగడం, ఆయన రాలేదని ఎదురుచూడడం, అవి కూడా అట్లే ఉండిపోతాయి, దేనికోసం ఎదురుచూస్తోందో మర్చిపోయాక కూడా. నవ్విన పది నిమిషాలే కాకుండా, తర్వాతి గంట కూడా మీరు చూడాలి.

ఇప్పుడు పని.

నాయన ఫోను ఇంట్లోనే ఉందా? ఉంటే ఫార్మాట్ కొట్టకండి, ఎవరికీ ఇవ్వకండి. ఆండ్రాయిడ్ అయితే ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్, దాంట్లో మీడియా, దాంట్లో కామ్.వాట్సాప్ (com.whatsapp) అనే ఫోల్డర్, దాంట్లో వాట్సాప్, దాంట్లో మళ్ళీ మీడియా, చివర వాట్సాప్ వాయిస్ నోట్స్. లోపల వారానికొకటి చొప్పున ఫోల్డర్లు ఉంటాయి. ఫైలు పేరు పీటీటీతో మొదలై, ఏడాది నెల తేదీ ఎనిమిది అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు మీకు బంగారం, పేర్లు మార్చొద్దు. మార్చారంటే ఏ మాట ఏనాటిదో చెప్పే సాక్ష్యం పోతుంది, కాపీ చేసేటప్పుడు ఫోను చూపించే తేదీ ఒక్కోసారి కాపీ చేసిన రోజుది అయి కూర్చుంటుంది. ఆయన పంపినవీ ఆయనకు వచ్చినవీ కలిసే ఉంటాయి, విని వేరు చేసుకోవాలి. వాయిస్ మెసేజు చాలా చిన్న ఫైలు, మూడు వందలూ కలిపి పాత పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతాయి. కాపీలు మూడు ఉండాలి, మూడూ ఒకే ఇంట్లో ఉండకూడదు. బీరువాలో పడేసిన పెన్‌డ్రైవ్ కొన్నేళ్ళకు తెరుచుకోకపోవడం మామూలే, ఏడాదికొకసారి పెట్టి చూడండి.

నాయన నంబరు ఏం చేశారో కూడా చూసుకోండి. వాడకుండా వదిలేసిన సిమ్‌ను 90 రోజుల తర్వాత కంపెనీ ఆపేసి, కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే తీసేస్తారు. ఫోన్లో ఉన్న ఫైళ్ళు దాంతో పోవు గానీ, అమ్మ ఫోన్లో 'ఇంటాయన' అనో ఏదో పేరుతో ఉన్న నంబరు రేపు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిదవుతుంది. అమ్మ దానికి ఫోను చేస్తుంది. ఆ నంబరుకు ముడిపడిన బ్యాంకు ఖాతాలుంటే ముందు వాటి సంగతి చూడండి.

తర్వాత అమ్మ కోసం ఎనిమిది పది మెసేజులు ఏరండి. నిమిషం లోపువి చాలు. ఏరేటప్పుడు ఏవి వద్దో చెప్తాను, అదే ముఖ్యం. 'బస్సు ఎక్కినా, రాత్రికి వస్తా' అన్నది వద్దు. అమ్మ ఆ రాత్రి నిద్రపోదు, వాకిట్లో కూర్చుంటుంది. 'తిన్నావా, మందులేసుకున్నావా' అని ప్రశ్న అడిగేవి వద్దు. ఆమె జవాబిస్తుంది, అవతల నుంచి మారుమాట రాదు, కంగారు పడుతుంది. ఆసుపత్రి మాటలు, అప్పుల మాటలు, దగ్గు ఎక్కువగా వినిపించేవి వద్దు. పొలం కబురు, వాన పడిన సంగతి, మనవళ్ళ మీద విసుర్లు, ఎవరినో తిట్టిన తిట్లు ఉంటే మరీ మంచిది. మిక్సీ మోత, బస్సు రొద ఎక్కువున్నవాటిని తమ్ముడు శుభ్రం చేసిపెట్టొచ్చు, అసలు ఫైలు మాత్రం ముట్టుకోకుండా.

ఫోను చెవి కాడ పెట్టొద్దు. చెవి కాడ పెడితే అది ఫోను కాల్ అవుతుంది. బల్ల మీద చిన్న స్పీకరు పెట్టి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని, 'ఇది మూడేండ్ల కిందట నాయన పంపిన మాట అమ్మా, విందాం' అని చెప్పి పెట్టండి. పొద్దున టిఫిను అయ్యాక మంచి వేళ. మసక పొద్దుకు వద్దు, మతిమరుపు ఉన్న చాలామందికి ఆ వేళకే అలజడి ఎక్కువ. ఒకటో రెండో విని ఆపేయండి, పది నిమిషాలు మించకూడదు. అరగంట తర్వాత ఆమె ఎట్లుందో ఒక పుస్తకంలో రెండు ముక్కలు రాయండి: తేదీ, ఏ మెసేజు, తర్వాత ఏం చేసింది. వరసగా రెండుసార్లు వెతుకులాటో ఏడుపో వస్తే ఆ మెసేజు పక్కన పెట్టేయండి. అన్నిటికీ అట్లే అయితే ఈ పద్ధతి ఆమెకు పడదని అర్థం. ఇంటివాళ్ళ రికార్డు గొంతులు వినిపించే పద్ధతిని చాలా ఏళ్ళుగా వాడుతున్నా, మేలు చేస్తుందనడానికి ఆధారాలు బలహీనమేనని 2017లో చేసిన పెద్ద సమీక్ష తేల్చింది. కొందరికి హాయి, కొందరికి కలత. మీ పుస్తకమే మీకు ఆధారం.

'మీ నాయన యాడికి పోయినాడు' అన్నప్పుడు ఏమనాలో మీరు అడగలేదు, కానీ ఇదంతా మొదలైంది ఆ ప్రశ్నతోనే. మతిమరుపులో కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి ఆఖరుకు పోతాయి. 1881లో ఫ్రాన్సులో మనస్తత్వవేత్త రిబో గమనించి రాసింది ఇప్పటికీ చాలావరకు నిలబడుతోంది. పెండ్లి ఆమెలో గట్టిగా ఉంది, చావు సరిగా ఎక్కనే లేదు. కాబట్టి ప్రతిసారీ 'పోయినాడు కదమ్మా' అంటే ప్రతిసారీ అది ఆమెకు మొదటిసారే. అట్లని 'పొలానికి పోయినాడు, వస్తాడు' అనీ అనొద్దు, అది వాకిట్లో కూర్చోబెట్టే మాట. ప్రశ్న వెనకున్న దిగులుకు జవాబివ్వండి: 'నాయన గుర్తొచ్చినాడా అమ్మా? ఆయనకు నీ చేతి సంగటి అంటే ఎంత ఇష్టమో కదా' అని. ఆమె నేరుగా, నిలకడగా 'బతికున్నాడా, లేదా' అని అడిగితే మాత్రం చేయి పట్టుకుని నిజం చెప్పండి. అడిగిన మనిషికి నిజం దాచే హక్కు పిల్లలకు లేదు. అడగని మనిషి మీద దాన్ని రోజుకు నాలుగుసార్లు కుమ్మరించే పనీ లేదు.

అమ్మను ఒకసారి డాక్టరుకు చూపించారా? రాయలేదు. వయసు మతిమరుపని వదిలేసిన వాటిలో కొన్ని బాగయ్యేవి ఉంటాయి. బీ12 తక్కువ కావడం, థైరాయిడ్, భర్త పోయాక వచ్చిన కుంగుబాటు, నిద్రమాత్రలు, అలెర్జీ మాత్రలు, ఆఖరుకు చెవుడు కూడా మతిమరుపులా కనిపిస్తాయి. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో అయోమయం పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది కారణం కావచ్చు, ఆ రోజే తీసుకుపోవాలి. కడప రిమ్స్‌కు వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకుని పోండి. ఫోన్లో సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 తెలుగులో మాట్లాడుతుంది, మీ తమ్ముడికీ మీకూ కూడా.

తమ్ముడి గురించి. దూరాన ఉండే కొడుకు తన వంతుగా చేయగలిగింది చేశాడు. అమ్మకు అన్నం పెట్టేది మీరు, డాక్టరు దగ్గరికి పోయేది మీరు. అతని చేతిలో ఉన్నది కంప్యూటరు. అందుకే ఊరికే 'తీసేయ్' అనకండి, ఆ చేతికే అంతకంటే పెద్ద పని ఇవ్వండి. మూడు వందల మెసేజులూ విని తేదీ, ఎవరికి పంపింది, దేని గురించి అన్న జాబితా తయారుచేయమనండి. విస్పర్ లాంటి ప్రోగ్రాములు మాటను రాతగా మారుస్తాయి, ల్యాప్‌టాప్‌లోనే నెట్ లేకుండా నడుస్తాయి, గొంతు బయటికి పోదు. మన యాసకు చాలా తప్పులు చేస్తాయి, కూర్చుని దిద్దాలి. దిద్దేటప్పుడు అతను నాయన మాటను పదిసార్లు వింటాడు. తర్వాత 'నాయన ట్రాక్టరు గురించి ఏమన్నాడు' అని వెతికితే ఆయన అన్న మాటే దొరుకుతుంది, లేకపోతే లేదని వస్తుంది. ఆ 'లేదు' అనగలగడమే మీ యాప్‌కు లేనిది.

అతను తనకోసం ఆ యాప్ ఉంచుకుంటానంటే? అతను పెద్దవాడు, ఏది నాయన, ఏది కాదో తెలిసినవాడు. నేనైతే అడ్డుపడను, కానీ రెండు మాటలు తీసుకోండి. ఆపే తేదీ ముందే పెట్టుకోవాలి. అమ్మ ఫోనుకు, పిల్లల ఫోన్లకు అది రాకూడదు. తెలివైనవాళ్ళు కూడా యంత్రాన్ని మనిషిగా భావించేస్తారని 1966లో వైజెన్‌బామ్ చేసిన, మనిషితో సంభాషించే ఎలైజా అనే కంప్యూటరు ప్రోగ్రాము నాటి నుంచీ తెలుసు, అది గొంతు కూడా లేని ఉత్త టైపు రాత. అతనికి రాత్రిళ్ళు దాంతోనే గడుస్తుంటే, పని, నిద్ర చెడుతుంటే, ఏడాది దాటినా దుఃఖం మొదటి రోజులాగే ఉంటే అది వైద్యుడు చూడాల్సిన దుఃఖం.

మరదలు ఎందుకు వద్దంటుందో మీరు రాయలేదు, కానీ ఆమె పక్షాన రెండు గట్టి కారణాలున్నాయి. ఒకటి, నాయన ఒప్పుకోలు. ఆయన ఆ మెసేజులు కొడుక్కి, కూతురికి, ఎరువుల అంగడాయనకు పంపాడు. తను పోయాక ఎవరో తన గొంతుతో మాట్లాడడానికి కాదు. 2024లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఇద్దరు ఇలాంటి యాప్‌ల మీద రాస్తూ, ఇచ్చినవాడి ఒప్పుకోలుతో పాటు వినేవాళ్ళ ఒప్పుకోలు కూడా ఉండాలని, వద్దనుకున్నప్పుడు గౌరవంగా ముగించే దారి ఉండాలని కోరారు. మీ ఇంట్లో ఇచ్చినవాణ్ణి అడగలేదు, వినే ఆమె ఒప్పుకునే స్థితిలో లేదు. మన 2023 డేటా రక్షణ చట్టం బతికున్న మనిషికి, తను పోయాక తన తరపున హక్కులు చూసుకునేవాళ్ళను నియమించుకునే వీలిచ్చింది. ఇంట్లో సొంత అవసరానికి చేసుకునే పనిని మాత్రం ఆ చట్టం పట్టించుకోదు. అంటే తమ్ముణ్ణి చట్టం ఆపదు, మీరే మాట్లాడుకోవాలి. మీ వరకు మీరు మాత్రం ఇప్పుడే పిల్లలకు చెప్పి పెట్టండి, మీ గొంతు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో.

రెండోది మోసం. ఫోన్లో భర్త గొంతు వస్తే మాట్లాడాలని అమ్మకు మీరే అలవాటు చేస్తున్నారు. ఆ గొంతు నమూనా బయటికి పోయిన రోజు, 'ఫోనుకు నంబరు వచ్చింది, చదివి చెప్పు' అని అదే గొంతు అడిగితే ఆమె చదివి చెప్తుంది. అమ్మ ఫోన్లో యూపీఐ ఉంటే తీసేయండి, బ్యాంకు మెసేజులు మీ నంబరుకు మళ్ళించండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

ఇక ఒంటిమిట్ట కథ అమ్మ మళ్ళీ చెప్పినప్పుడు, 'అట్లా జరగలేదు' అని వాదించకండి, ఓడిపోయేది ఆమె. 'అవును, ఎంత ఎండో' అని తాళమూ వేయకండి, ప్రతి తాళానికీ కథ గట్టిపడుతుంది. పిల్లల కాళ్ళు నిజంగా ఎక్కడ కాలాయో మీకు గుర్తుంటే కథను అక్కడికి మళ్ళించండి. పిల్లలకు మాత్రం విడిగా చెప్పి, ఇంటి పుస్తకంలో రాసి పెట్టండి: ఈ కథ ఎప్పుడు, ఎట్లా వచ్చిందో.

యాప్ ఆపేటప్పుడు ఒకటి గమనించండి. నెల చందా ఆపడం, ఫోన్లోంచి యాప్ తీసేయడం, ఖాతా తీసేయడం, ఎక్కించిన రికార్డింగులు తీసేయడం, వాటితో తయారైన గొంతు నమూనా తీసేయడం ఒకటే పని కాకపోవచ్చు. మొదటిది చేసి అన్నీ అయిపోయాయనుకుంటారు చాలామంది. ముందు నమూనా, తర్వాత రికార్డింగులు, ఆఖరున ఖాతా. ఖాతా ముందే తీసేస్తే మిగతావాటిని అడగడానికి మీకు దారి ఉండదు. తీసేశామని కంపెనీ మెయిల్ పంపేదాకా అడగమనండి, ఆ మెయిల్‌ను రికార్డింగుల పక్కనే దాచమనండి.